దామాషా ఓటు నల్లగొండ దాకా వస్తే

2021 మార్చిలో నల్లగొండలో జరిగిన ఒక ఓట్ల లెక్కింపు 17న మొదలై 20న గానీ ముగియలేదు. అది వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. బరిలో 71 మంది. పత్రికలు జంబో బ్యాలెట్ అని పేరుపెట్టిన కాగితంపై ఓటర్లు 1, 2, 3 అంటూ అంకెలు వేశారు. పోలైన 3,87,969 ఓట్లలో 21,636 చెల్లలేదు. చెల్లిన 3,66,333 ఓట్లలో సగం దాటితే, అంటే 1,83,167 వస్తే గెలుపు. దీన్నే కోటా అంటారు. మొదటి ప్రాధాన్యంలో పల్లా రాజేశ్వర్ రెడ్డికి 1,10,840, తీన్మార్ మల్లన్నకు 83,290, కోదండరాంకు 70,072 వచ్చాయి. కోటా ఎవరికీ అందలేదు. అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించడం, ఆ కాగితాలపై ఉన్న తర్వాతి అంకె చూసి మిగిలినవారికి పంచడం, మళ్లీ తొలగించడం. ఇలా చివరికి ఇద్దరే మిగిలారు. పల్లా 12,806 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

రాజ్యాంగం 171వ అధికరణ ఈ పద్ధతిని దామాషా ప్రాతినిధ్యం, అంటే ఓట్ల నిష్పత్తిలో సీట్లు, అనే పిలుస్తుంది. పేరు సంగతి ఎలా ఉన్నా, ఫలితంలో దామాషా లేదు. చివరి రౌండు నాటికి మల్లన్న ఖాతాలో 1,49,005 ఓట్లు ఉన్నాయి. గెలిచినవారికి వచ్చింది 1,61,811. ఇంత దగ్గరగా వచ్చిన రెండు పక్షాల్లో ఒకరికి మొత్తం దక్కింది, మరొకరికి ఏమీ దక్కలేదు. ఒక్క సీటును దామాషాలో పంచడం ఎవరి తరమూ కాదు. అంకెలు వేయించినందువల్ల జరిగిన మేలు ఒకటే: గెలిచిన అభ్యర్థి పాతిక, ముప్పై శాతం ఓట్లతో కాకుండా, మరింత విస్తృతమైన ఆమోదంతో గెలుస్తాడు.

ఇదే జిల్లాకు ఇంకో పాత అనుభవం ఉంది. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డి 3,09,162 ఓట్లతో గెలిచి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు సాధించారన్న సంగతి ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. అప్పుడు నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమన్న సంగతి మాత్రం అంతగా వినిపించదు. ఒక జనరల్ సీటు, ఒక ఎస్సీ రిజర్వుడు సీటు, ఓటరుకు రెండు ఓట్లు. రెండో సీటు నుంచి గెలిచిన సుంకం అచ్చాలు కూడా పీడీఎఫ్ అభ్యర్థే. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ ఆ పేరుతోనే పోటీచేసింది. కాంగ్రెస్‌కు వేసిన ఓట్లకు ఆ నియోజకవర్గంలో ఒక్క సీటూ రాలేదు. ఓటర్లలో పెద్ద వర్గం ఏదైతే అది తన రెండు ఓట్లనూ ఒకే పక్షానికి వేసి, రెండు సీట్లూ పట్టుకుపోయే పద్ధతి అది. 1961లో చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేశారు.

అంటే దామాషా ఎన్నికకు కావలసిన రెండు భాగాలూ నల్లగొండ చూసింది, విడివిడిగా. 1952లో సీట్లు ఒకటికి మించి ఉన్నాయి, అంకెలు లేవు. ఎమ్మెల్సీ ఎన్నికల్లో అంకెలున్నాయి, సీటు ఒక్కటే. ఒకే వార్డులో మూడో నాలుగో సీట్లు పెట్టి, ఓటరు చేత అంకెలు వేయిస్తే ఏమవుతుందో ఈ జిల్లాలోని ఏ మున్సిపాలిటీ ఓటరూ ఇప్పటిదాకా చూడలేదు. స్కాట్లాండ్‌లో మాత్రం 2007 మే 3న దేశం మొత్తం ఒకేసారి చూసింది.

గ్లాస్గోలో జరిగింది

స్కాట్లాండ్ స్థానిక ఎన్నికలు అంతకుముందు మన దగ్గర లాగానే జరిగేవి. వార్డుకు ఒకరు, ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారు. ఈ పద్ధతిలో గ్లాస్గో నగరంలో 2003లో లేబర్ పార్టీ సగం కంటే తక్కువ ఓట్లతో 79 సీట్లకు 71 గెలుచుకుంది. ఇంత లాభం తెచ్చే పద్ధతిని లేబర్ పార్టీ తనంతట తాను వదులుకోలేదు. అదే ఏడాది స్కాట్లాండ్ ప్రభుత్వంలో పొత్తు కొనసాగాలంటే స్థానిక ఎన్నికల్లో బదిలీ ఓటు (వార్డుకు ఒకటికి మించి సీట్లు, అంకెల ఓటు) రావాల్సిందేనని లిబరల్ డెమోక్రాట్లు పట్టుబట్టారు. 2004లో చట్టం వచ్చింది. పాత వార్డులను కలిపి మూడు లేదా నాలుగు సీట్ల పెద్ద వార్డులు చేశారు. 32 కౌన్సిళ్లు, 1,222 మంది సభ్యులు.

ఫలితం ఎలా వచ్చింది? గ్లాస్గోలో లేబర్ 71 నుంచి 45కి దిగింది, స్కాటిష్ నేషనల్ పార్టీకి 22 వచ్చాయి. మొత్తం మీద నేషనల్ పార్టీకి 363 మంది, లేబర్‌కు 348 మంది కౌన్సిలర్లు. 32 కౌన్సిళ్లలో 27 చోట్ల ఏ ఒక్క పార్టీకీ మెజారిటీ రాలేదు. అయితే గ్లాస్గోలో లేబర్‌కు మెజారిటీ పోలేదన్నది గమనించాలి. వార్డుకు మూడు, నాలుగు సీట్లే ఉన్నప్పుడు దామాషా గీత గీసినట్టు రాదు, పెద్ద పార్టీ వైపు కాస్త మొగ్గు మిగులుతుంది. వార్డులో సీట్లు పెరిగే కొద్దీ ఓట్ల శాతానికీ సీట్ల శాతానికీ తేడా తగ్గుతుంది, కానీ వార్డు ఊరంత అవుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది రాజకీయ నిర్ణయమే తప్ప లెక్కల నిర్ణయం కాదు.

2003లో స్కాట్లాండ్‌లో 61 వార్డుల్లో పోటీయే జరగలేదు. 2007లో అలాంటి వార్డు ఒక్కటీ లేదు. ఏకగ్రీవాలకు ప్రోత్సాహక నిధులు ప్రకటించే రాష్ట్రంలో ఈ అంకెను కాస్త ఆగి చదవాలి. నాలుగు సీట్ల వార్డులో ఇరవై శాతం ఓట్లతో సీటు దక్కే అవకాశం ఉంటే, బలమైన పక్షానికి భయపడి నామినేషన్ ఉపసంహరించుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. మొత్తం సీట్లను ఒకే వర్గం వేలంలో పాడుకోవడమూ కుదరదు.

ఒక ఊహా వార్డు

నల్లగొండ మున్సిపాలిటీకి 2020లో 48 వార్డులు. నాలుగేసి చొప్పున కలిపితే 12 పెద్ద వార్డులవుతాయి. అలాంటి ఒక వార్డును ఊహించుకుందాం. చెల్లిన ఓట్లు 6,000. పాత పద్ధతిలో ఇవి 1,500 ఓట్ల నాలుగు వార్డులు. ప్రతి చోటా మొదటి పార్టీకి 600, రెండో పార్టీకి 500, మూడో పార్టీకి 250, స్వతంత్రుడికి 150 వచ్చాయనుకుంటే, నలభై శాతం ఓట్లతో మొదటి పార్టీ నాలుగు సీట్లూ గెలుస్తుంది. అరవై శాతం మంది ఓటుకు కౌన్సిల్లో మనిషి ఉండడు.

ఇప్పుడు ఇదే ఓటు కొత్త పద్ధతిలో. నాలుగు సీట్లు కాబట్టి చెల్లిన ఓట్లను ఐదుతో భాగించి ఒకటి కలుపుతారు. 1,201 వస్తే గెలుపు. ఐదుగురికి అన్ని ఓట్లు రావడం సాధ్యం కాదు కాబట్టి ఆ సంఖ్య. మొదటి పార్టీ ఇద్దరిని నిలబెట్టింది: 1,300, 1,100. రెండో పార్టీ ఇద్దరు: 1,250, 750. మూడో పార్టీ ఒకరు: 1,000. స్వతంత్రుడు: 600. మొదటి లెక్కలోనే 1,300 వచ్చిన అభ్యర్థి, 1,250 వచ్చిన అభ్యర్థి గెలిచారు. మొదటివారి దగ్గర 99 ఓట్లు మిగులు. ఆ 99 ఏవి అని కట్టలోంచి తీయరు. మొత్తం 1,300 కాగితాలపై రెండో అంకె ఎవరికి పడిందో చూసి, అదే నిష్పత్తిలో మిగులును పంచుతారు. అందులో 90 సొంత పార్టీ రెండో అభ్యర్థికి, 9 మూడో పార్టీకి వెళ్లాయనుకుందాం. రెండో పార్టీ మిగులు 49 దాని రెండో అభ్యర్థికే. ఇంకా ఇద్దరు గెలవాలి, కోటా ఎవరికీ లేదు కాబట్టి అట్టడుగున ఉన్న స్వతంత్రుణ్ని తొలగిస్తారు. ఆయన 600 ఓట్లలో 250 మూడో పార్టీకి, 60 మొదటి పార్టీ రెండో అభ్యర్థికి, 200 రెండో పార్టీ రెండో అభ్యర్థికి చేరాయి. 90 కాగితాలపై తర్వాతి అంకె లేదు, అవి అక్కడితో ఆగిపోతాయి. మూడో పార్టీ 1,259తో, మొదటి పార్టీ రెండో అభ్యర్థి 1,250తో కోటా దాటారు. ఫలితం: మొదటి పార్టీకి 2, రెండో దానికి 1, మూడో దానికి 1.

మూడో పార్టీ ఇక్కడ ఏ పార్టీ అయినా కావచ్చు. అయినా నల్లగొండ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సీపీఎం, సీపీఐల పరిస్థితి చూస్తే ఈ లెక్క అర్థం తెలుస్తుంది. ఊరంతా పలచగా పరుచుకున్న ఓటు పాత పద్ధతిలో ప్రతి వార్డులోనూ ఓడిపోతుంది. రెండు మూడు బస్తీల్లో చిక్కగా ఉన్న ఓటు, ఎంఐఎంకు ఉండే తరహాలో, సంఖ్యలో తక్కువైనా సీటు తెస్తుంది. అంటే ఇవాళ్టి పద్ధతి ఓటును లెక్కపెట్టేటప్పుడు అది ఏ వీధిలో పడిందన్నదాన్ని కూడా లెక్కపెడుతోంది.

ఎమ్మెల్సీ ఓట్లు లెక్కించిన సిబ్బందికి తొలగింపులు బాగా తెలుసు. మిగులు బదిలీ మాత్రం కొత్త. ఒక్క సీటు ఎన్నికలో కోటా దాటగానే ఆట ముగుస్తుంది, మిగులు పంచే అవసరమే రాదు. ఆ పని మన దగ్గర రాజ్యసభ ఎన్నికలు, ఎమ్మెల్యేలు ఓటేసే ఎమ్మెల్సీ ఎన్నికల్లో, నూట ఇరవైలోపు ఓట్లతో జరుగుతుంది. స్కాట్లాండ్‌లో కాగితాలను స్కాన్ చేసి కంప్యూటర్లతో లెక్కించారు. అంత ఖర్చు ఇక్కడ అనవసరం. ఒక్కో వార్డులో ఉండేవి కొన్ని వేల కాగితాలు, పది పదిహేను పేర్లు. మూడున్నర లక్షల ఓట్లు, 71 పేర్లతో పోలిస్తే ఇది ఒక రోజు పని. పైగా 2020 మున్సిపల్ ఎన్నికలు తెలంగాణలో ఈవీఎంలతో కాకుండా కాగితపు బ్యాలెట్లతోనే జరిగాయి. అంకెలు వేయడానికి మీటల యంత్రం పనికిరాదు, కాగితమే కావాలి.

చెల్లని ఓట్లు ఎవరివి

ఇలాంటి మార్పు ప్రస్తావన వస్తే మొదట వినిపించే అభ్యంతరం, చదువురాని ఓటరు అంకెలు ఎలా వేస్తాడని. పైన చెప్పిన లెక్కలు ఈ అభ్యంతరానికి వింత జవాబిస్తాయి. డిగ్రీ ఉంటే తప్ప ఓటు హక్కు లేని ఆ ఎమ్మెల్సీ ఎన్నికలో ఐదున్నర శాతం ఓట్లు చెల్లలేదు. స్కాట్లాండ్‌లో ఎవరైనా ఓటేసే కౌన్సిల్ ఎన్నికలో, అదీ మొదటిసారి, చెల్లనివి 1.83 శాతం.

తేడా చదువులో కంటే నిబంధనల్లో ఎక్కువగా ఉంది. మన దగ్గర ఎన్నికల సంఘం ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి. సొంత పెన్ను వాడితే చెల్లదు. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. టిక్కు పెడితే చెల్లదు. సంతకం చేస్తే చెల్లదు. ఇద్దరికి 1 వేస్తే ఎలాగూ చెల్లదు. స్కాట్లాండ్‌లో ఓటరు ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే లెక్కలోకి తీసుకునే వెసులుబాటు ఉంది. డిగ్రీ చదివినవారు కూడా టిక్కు పెడుతున్నారంటే, జీవితమంతా ముద్ర కొట్టిన చెయ్యి కొత్త అలవాటుకు ఒక్కరోజులో మారదని అర్థం. ఒక్క ముద్ర మాత్రమే ఉన్న కాగితాన్ని మొదటి ప్రాధాన్యంగా తీసుకుంటామని నియమం పెడితే, మున్సిపల్ ఓటరుకు సగం సమస్య పోతుంది.

అయితే స్కాట్లాండ్ ఒక పెద్ద పొరపాటు చేసింది. అదే రోజు స్కాటిష్ పార్లమెంటు ఎన్నిక కూడా పెట్టింది. ఒక కాగితంపై అంకెలు, మరో కాగితంపై రెండు వేర్వేరు గళ్లలో ఇంటూ గుర్తులు. తిరస్కరణకు గురైన పార్లమెంటు బ్యాలెట్లు లక్షా 40 వేలు దాటాయి. విచారణ జరిగింది, తర్వాతి కౌన్సిల్ ఎన్నికలను 2011కు బదులు 2012కు జరిపారు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఓట్లను ఒకేరోజు రెండు రంగుల కాగితాలతో వేయించే రాష్ట్రం ఈ ముక్కను గుర్తుపెట్టుకోవాలి. ఒకదానికి ముద్ర, ఒకదానికి అంకె అంటే గొడవే.

బీ–ఫారాలు, సింహం గుర్తు

కొత్త పద్ధతిలో ఎక్కువ తలనొప్పి ఓటరుకు కాదు, పార్టీ కార్యాలయానికి. నాలుగు సీట్ల వార్డులో ఎంతమందికి బీ–ఫారం ఇవ్వాలి? ఒక్కరికే ఇస్తే రెండో సీటు వచ్చే చోట పోతుంది. నలుగురికి ఇస్తే ఓట్లు చీలి, ఒక్కొక్కరే ముందుగానే తొలగిపోయే ప్రమాదం ఉంది. ఇద్దరికిస్తే ఆ ఇద్దరూ ఎదుటి పార్టీతో కంటే ఒకరితో ఒకరు ఎక్కువ పోట్లాడుకుంటారు. స్కాట్లాండ్‌లో ఇంకో సంగతి బయటపడింది. ఒకే పార్టీ వాళ్లు ఇద్దరుంటే, బ్యాలెట్‌లో అక్షర క్రమంలో ముందున్న పేరుకు 1, తర్వాతి పేరుకు 2 పడే మొగ్గు స్పష్టంగా ఉంది. అకారంతో పేరు మొదలవడం ఒక అర్హత అయిపోతుంది. వార్డులోని కాగితాలపై పేర్ల వరుసను మార్చి మార్చి అచ్చువేయడం దీనికి విరుగుడు.

అసమ్మతి విషయంలో మాత్రం ఈ పద్ధతి ఊరటనిస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్‌లో 2020లో టికెట్లు దక్కని టీఆర్‌ఎస్ వర్గం ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తుపై నిలబడి 20 వార్డుల్లో 11 గెలిచింది. పాత పద్ధతిలో అధికారిక అభ్యర్థి, అసమ్మతి అభ్యర్థి ఇద్దరూ ఒకే ఓటు కోసం కొట్టుకుంటారు, మధ్యలో మూడోవాడు బయటపడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అంకెల పద్ధతిలో ఓటరు ఇద్దరికీ 1, 2 వేయవచ్చు. ఎవరు నిజమైన వారసులో నాయకుడి ఇంట్లో కాకుండా పోలింగ్ కేంద్రంలో తేలుతుంది. టికెట్ల పంపిణీయే అధికారంగా బతికే జిల్లా నాయకులకు ఇది నచ్చే విషయం కాదు.

రిజర్వేషన్ల ముడి

స్కాట్లాండ్ నుంచి నేర్చుకోలేనిది ఒకటుంది. అక్కడ రిజర్వేషన్లు లేవు. ఇక్కడ 243–టి అధికరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో సీట్లు ఇవ్వాలి. మహిళలకు రాజ్యాంగం కనీసం మూడోవంతు అంటే, తెలంగాణ సగం ఇస్తోంది. బీసీల వాటాను రాష్ట్ర చట్టం నిర్ణయిస్తుంది. వార్డుకు ఒకే సీటు ఉన్నప్పుడు వీటన్నింటినీ అమలు చేయడానికి ఉన్న దారి ఒక్కటే: ఈ వార్డు బీసీ మహిళ, ఆ వార్డు ఎస్సీ జనరల్ అని పంచడం, తర్వాత రొటేషన్‌లో మార్చడం. ఐదేళ్లు కష్టపడి కాలువలు కట్టించిన మహిళా కౌన్సిలర్ వార్డు రొటేషన్‌లో ఇంకో వర్గానికి వెళ్తే, ఆమె రాజకీయ జీవితం అక్కడితో ముగియవచ్చు. భార్య పేరుతో భర్త పెత్తనం చేసే సంప్రదాయానికి ఈ మార్పిడి కూడా ఒక కారణం. ఎలాగూ కొద్దికాలమే కదా అని.

నాలుగు సీట్ల వార్డులో ఇద్దరు మహిళలు తప్పనిసరి అని నియమం పెడితే రొటేషన్ అవసరమే ఉండదు. ప్రతి వార్డులోనూ ప్రతిసారీ ఇద్దరు ఉంటారు. పనిచేసిన మహిళ అదే వార్డులో మళ్లీ నిలబడవచ్చు. ఈ వ్యాసంలో ప్రస్తావించిన లాభాలన్నింటిలోకీ ఇదే పెద్దది. దామాషా గురించి మాట్లాడేవారు దీన్ని ఎందుకు ముందుకు తేరో అర్థం కాదు.

లెక్కింపులో మాత్రం జాగ్రత్త కావాలి. వార్డులో ఒక ఎస్సీ సీటు ఉంటే, ఎస్సీ అభ్యర్థుల్లో చివరికి మిగిలిన ఒక్కరిని తొలగించకూడదు అన్న రక్షణ నియమం రాయాలి. దానికి ఎదురు ప్రశ్నా వస్తుంది: ఎస్సీ అభ్యర్థులు ఇద్దరు కోటా దాటితే? 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో సరిగ్గా ఇదే జరిగింది. ఒక సీటు ఎస్టీ రిజర్వుడు, ఒకటి జనరల్. ఇద్దరు ఎస్టీ అభ్యర్థులకు మిగతావారికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి, ఇద్దరూ గెలిచారు. ఓడినవారు తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థి జనరల్ సీటుకు అర్హుడేనని 1959లో కోర్టు తేల్చింది. రిజర్వేషన్ కనీస హామీయే తప్ప గరిష్ఠ పరిమితి కాదన్న ఆ సూత్రం బహుళ సీట్ల వార్డులకు ఇప్పటికీ సరిపోతుంది. ద్విసభ్య స్థానాలను కొద్ది కాలానికే ఎత్తేశారంటే, ఆ సూత్రం అందరికీ రుచించలేదన్నదీ నిజమే.

బీసీల విషయం ఇంకా ఆసక్తికరం. 42 శాతం వాటా కోసం శాసనసభ 2025 మార్చిలో బిల్లులు ఆమోదించింది. స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం మించరాదన్న 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు అడ్డంగా ఉంది. ఏ వార్డు ఎవరికని పైనుంచి నిర్ణయించే పద్ధతిలో వాటా కోసం కోర్టుకే వెళ్లాలి. బదిలీ ఓటులో వార్డులోని ఐదోవంతు ఓటర్లు కలిస్తే తమ మనిషిని తామే గెలిపించుకోగలరు. పద్మశాలీలు, యాదవులు, గౌడ్లు, ముదిరాజ్‌లు ఊరంతా చెదిరి ఉన్నా సరే, జీవోతో పనిలేదు. రిజర్వేషన్‌కు ఇది ప్రత్యామ్నాయం అనడం తొందరపాటు. రిజర్వేషన్ ఇచ్చిన దానికి పైన మరికొన్ని సీట్లు దక్కే మార్గం అనవచ్చు.

దీని వెనుక వైపు కూడా చూడాలి. గెలుపుకు ఐదోవంతు చాలంటే, ఒకే కులం ఓట్లతో గెలవడమూ తేలికే. ఇతరులను కలుపుకుపోవాల్సిన అవసరం తగ్గుతుంది. డబ్బున్న స్వతంత్రుడికి నలభై శాతం కొనడం కష్టం, ఇరవై శాతం కొనడం అంత కష్టం కాదు. రెండో అంకెకూ ఒక ధర పలుకుతుంది. ఎమ్మెల్సీ ఎన్నికల్లో ‘రెండో ప్రాధాన్యమైనా మాకివ్వండి’ అని తిరిగే ప్రచారం చూసినవారికి ఇది ఊహించడం కష్టం కాదు. ఈ అభ్యంతరాలు గట్టివే. పాత పద్ధతిలో కులమూ డబ్బూ లేవని మాత్రం ఎవరూ అనలేరు.

నల్లా నీళ్లు రాకపోతే నలుగురిలో ఎవరికి ఫోన్ చేయాలన్న ప్రశ్నా ఉంది. స్కాట్లాండ్‌లోనూ అడిగారు. జవాబు చిన్నది: పలికినవారికి.

చైర్మన్ కుర్చీ దగ్గర

అసలు చిక్కు కౌన్సిల్ ఏర్పడిన రోజు మొదలవుతుంది. దామాషాలో ఎన్నికైన కౌన్సిల్లో మెజారిటీ రాకపోవడం సాధారణం. స్కాట్లాండ్‌లో అలాంటి చోట్ల చాలావరకు పార్టీలు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి. మన దగ్గర బస్సులు బయల్దేరతాయి. క్యాంపులకు వెళ్లిన కౌన్సిలర్లు చేతులెత్తే సమయానికి తిరిగొస్తారు.

అంతకంటే పెద్ద సంగతి, చేతులెత్తేవారందరూ ఆ ఊరి ఓటర్లు కౌన్సిల్‌కు ఎన్నుకున్నవారు కాకపోవడం. ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఎక్స్‌అఫీషియో (పదవి రీత్యా) సభ్యులుగా చైర్‌పర్సన్ ఎన్నికలో ఓటేస్తారు. సూర్యాపేట జిల్లా నేరేడుచర్ల చిన్న మున్సిపాలిటీ, 15 వార్డులు. 2020లో కాంగ్రెస్‌కు ఏడు, టీఆర్‌ఎస్‌కు ఏడు, సీపీఎంకు ఒకటి వచ్చాయి. ఆ తర్వాత జరిగిన గొడవంతా వార్డుల గురించి కాదు, ఏ రాజ్యసభ సభ్యుడి పేరు, ఏ ఎమ్మెల్సీ పేరు జాబితాలో ఉండాలన్నదాని గురించే. నల్లగొండలోనూ ఆ ఏడాది ఏ పార్టీకీ సొంత మెజారిటీ రాలేదు. పీఠం టీఆర్‌ఎస్‌కు దక్కింది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024 జనవరిలో అవిశ్వాస తీర్మానంతో అది చేజారింది. రెండుసార్లూ పట్టణ ఓటరును ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ ఏర్పాటును అలాగే ఉంచి ఓటింగ్ పద్ధతిని మాత్రం మారిస్తే, ఫలితం ఇప్పటికంటే అధ్వానంగా ఉండవచ్చు. జాగ్రత్తగా లెక్కగట్టి, దశాంశాల దాకా పంచిన సీట్ల నిష్పత్తిని ముగ్గురు ఎక్స్‌అఫీషియోలు పది నిమిషాల్లో తలకిందులు చేయగలరు. దామాషా వార్డులు కావాలంటే ఎక్స్‌అఫీషియోలకు చర్చలో మాట్లాడే హక్కు ఉంచి చైర్‌పర్సన్ ఎన్నికలో ఓటు తీసేయాలి. లేదా చైర్‌పర్సన్‌ను నేరుగా ప్రజలే ఎన్నుకోవాలి. ఒక్క పదవికి జరిగే ఆ ఎన్నికకు ఎమ్మెల్సీ తరహా అంకెల పద్ధతి చక్కగా సరిపోతుంది.

మార్పును సగంలో వదిలితే ఏమవుతుందో పక్కనే శ్రీలంక చూపించింది. 2018 ఫిబ్రవరిలో అక్కడ స్థానిక ఎన్నికలు కొత్త మిశ్రమ పద్ధతిలో జరిగాయి. కొన్ని సీట్లు వార్డుల నుంచి, కొన్ని పార్టీ జాబితాల నుంచి. దేశంలో స్థానిక సభ్యుల సంఖ్య దాదాపు రెట్టింపై 8 వేలు దాటింది. జీతాలకు, కుర్చీలకు, సభామందిరాలకు వెతుకులాట మొదలైంది. బదిలీ ఓటులో ఆ బెడద లేదు. 48 మంది 48 మందిగానే ఉంటారు.

ఎవరు అడుగుతారు

చట్టపరంగా దారి మూసుకుపోలేదు. మున్సిపాలిటీ సీట్లన్నీ వార్డుల నుంచి ప్రత్యక్ష ఎన్నికతో నింపాలని 243–ఆర్ అధికరణ చెబుతుంది. వార్డుకు ఒక్కరే ఉండాలని అందులో లేదు. పార్టీ జాబితాల పద్ధతికి ఆ మాటలు అడ్డువస్తాయి, బహుళ సీట్ల వార్డుకు అడ్డురావు. స్థానిక ఎన్నికల చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభదే.

శాసనసభలో మెజారిటీ ఉన్నవారు ఎందుకు చేస్తారన్నదే ప్రశ్న. గ్లాస్గోలో 71 సీట్లున్న పార్టీ చేత ఆ పని చేయించింది పొత్తులోని చిన్న పార్టీ. తెలంగాణలోనూ పొత్తుల్లో చిన్న పార్టీలున్నాయి. 2023లో సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని ఒక అసెంబ్లీ సీటు, తర్వాత ఒక ఎమ్మెల్సీ తెచ్చుకుంది. రెండు సీట్లు దక్కడం చిన్న విషయం కాదు, కానీ ఆ బేరంలో ఓటింగ్ పద్ధతి వినిపించలేదు. సీటు అడిగితే ఒకసారి వస్తుంది. పద్ధతి మారితే ప్రతి మున్సిపాలిటీలో, ప్రతి ఎన్నికలో అడగకుండానే వచ్చే పార్టీలు అవి. ఇంత సొంత లాభం ఉన్న డిమాండ్‌ను వదిలేయడం వామపక్షాల వ్యూహంలో పెద్ద లోపం.

రాష్ట్రమంతా ఒకేసారి మార్చాల్సిన పనీ లేదు. వేల్స్ 2021లో చేసిన చట్టం ప్రకారం ఏ కౌన్సిల్ అయినా మూడింట రెండు వంతుల మెజారిటీతో బదిలీ ఓటుకు మారవచ్చు. పాత పద్ధతిలో గెలిచినవారే ఆ తీర్మానానికి చేతులెత్తాలి కాబట్టి ఈ దారి నత్తనడకే. న్యూజిలాండ్ 2001 చట్టం ఇంకో తలుపు తెరిచింది. ఐదు శాతం ఓటర్లు సంతకాలు చేస్తే, ఏ పద్ధతి కావాలన్నదానిపై ఊళ్లో ఓటింగ్ పెట్టాల్సిందే. వెల్లింగ్టన్ ఓటర్లు అలాంటి ఓటింగ్‌తోనే అంకెల పద్ధతిని ఎంచుకున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో ఐదు శాతం అంటే కొన్ని వేల సంతకాలు. వాటిని సేకరించగల ఉద్యోగ, కార్మిక, కుల సంఘాలు రెండు చోట్లా ఉన్నాయి. ఆ సంతకాలను తీసుకోవడానికి కావలసిన సెక్షన్ 2019 మున్సిపల్ చట్టంలో లేదు.